రాబర్ట్ బాష్: ఇంధనాన్ని చుక్కల్లో కొలిచిన మనిషి

టికియాపారా అనే పేరు మనలో చాలామందికి చిన్నప్పటినుంచి తెలిసింది కాదు. విశాఖపట్నం నుంచో, విజయవాడ నుంచో, ఖరగ్‌పూర్ నుంచో అమ్మకో నాన్నకో బదిలీ అయ్యాకే తెలిసింది. హౌరాలో ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కితే మొదట తగిలే స్టేషన్ ఇది. ఒకవైపు లోకల్ బళ్ళ కార్ షెడ్, మరోవైపు దూరప్రాంతాల బోగీల కోచింగ్ డిపో. రాత్రి ఏ వేళప్పుడు చూసినా ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని బండి కిందికి వంగి చూస్తూనే ఉంటారు. యంత్రంలో తప్పు ఎక్కడుందో వెతకడం ఇక్కడ నిత్యం జరిగే పని.

అలా వెతకడంలోనే జీవితమంతా గడిపిన ఒక మనిషి కథ ఇది. ఆయన పేరు రాబర్ట్ బాష్. ఆయన పుట్టింది జర్మనీలో. కానీ ఆయన కంపెనీ సరుకు మన దేశంలో మొదట అమ్మకానికి వచ్చింది ఈ కలకత్తాలోనే, 1922లో. తర్వాత బెంగుళూరులో తయారైన మైకో పంపుల రూపంలో ఆయన పని మన ఊళ్ళ లారీల్లోకి, పొలాల్లోని ఆయిల్ ఇంజిన్లలోకి చేరింది. తెలుగు మెకానిక్కుల్లో ఆ పేరు ఎరగనివారు ఉండరు. ఆ పేరు వెనక ఉన్న మనిషి గురించి మాత్రం తెలిసినవారు తక్కువ.

సత్రంలో పుట్టిన పిల్లవాడు

రాబర్ట్ బాష్ 1861 సెప్టెంబర్ 23న దక్షిణ జర్మనీలోని ఉల్మ్ నగరం దగ్గర ఆల్బెక్ అనే పల్లెలో పుట్టారు. పన్నెండుమంది సంతానంలో ఆయన పదకొండోవారు. తల్లిదండ్రులు బాటసారుల కోసం ఒక సత్రం నడిపేవారు, వ్యవసాయమూ చేసేవారు. తండ్రి పుస్తకాలు చదివే అలవాటున్న మనిషి. 1869లో కుటుంబం ఆల్బెక్ వదిలి ఉల్మ్‌కు మారింది. రాబర్ట్ చదువు అక్కడే సాగింది.

బడిలో ఆయన పెద్ద తెలివైన విద్యార్థి అనిపించుకోలేదు. చెట్లన్నా జంతువులన్నా ఇష్టం. ఏం చదవాలో తేల్చుకోలేకపోతుంటే, సున్నితమైన యంత్రపు పని నేర్చుకోమని తండ్రి సలహా ఇచ్చారు. అలా 1876లో ఉల్మ్‌లోని ఒక పనిశాలలో అప్రెంటిస్‌గా చేరారు. అక్కడ యజమాని నేర్పింది తక్కువ, పనిశాలలో కనిపించేది ఇంకా తక్కువ. కుర్రవాళ్ళను తోచిన పని చేసుకొమ్మని వదిలేసేవారు. ఆ మూడేళ్ళు వృథా అయ్యాయన్న బాధ బాష్‌ను జీవితాంతం వదల్లేదు. ఆ బాధను ఆయన ఊరికే మోయలేదు. చాలా ఏళ్ళ తర్వాత దాన్ని ఒక మంచి పనిగా మార్చారు. ఆ సంగతి ముందు వస్తుంది.

ఏడేళ్ళ తిరుగుడు

పని నేర్చిన కుర్రవాడు ఊళ్ళు తిరిగి, రకరకాల పనిశాలల్లో చెయ్యి సాధించుకోవడం ఆ రోజుల్లో జర్మనీలో ఆచారం. బాష్ కూడా అలాగే తిరిగారు. కొలోన్, హనావ్, స్టుట్‌గార్ట్, నూరెంబర్గ్, ఇలా ఊరు మారిన కొద్దీ పనీ మారింది. మధ్యలో సైన్యంలో కొంతకాలం ఉన్నారు. స్టుట్‌గార్ట్ సాంకేతిక కళాశాలలో కొన్ని నెలలు పాఠాలు విన్నారు. కరెంటు గురించి చేతికి తెలిసినదాన్ని బుర్రకు కూడా తెలియజేసుకోవాలన్నది ఆయన కోరిక. డిగ్రీ మాత్రం తీసుకోలేదు.

1884లో ఓడ ఎక్కి అమెరికా వెళ్ళారు. న్యూయార్క్‌లో థామస్ ఎడిసన్ కంపెనీలో పని దొరికింది. అక్కడినుంచి లండన్ వచ్చి సీమెన్స్ బ్రదర్స్‌లో చేశారు. కొత్త దేశం, కొత్త భాష, తెలిసినవాళ్ళు లేని వీధి. మూడేళ్ళకో నాలుగేళ్ళకో బడి మారే మనకు ఇది కొత్త విషయం కాదు. వెళ్ళిన ప్రతిచోటా ఆయన ఒకటి గమనించేవారు: ఇక్కడివాళ్ళు ఈ పని ఎలా చేస్తున్నారు, మనవాళ్ళకంటే బాగా చేస్తున్నారా, ఎందుకు? ఆయనకు పెట్టుబడిగా నిలిచింది ఈ గమనింపే.

వెనకింట్లో మొదలైన పనిశాల

1886 నవంబర్ 15న స్టుట్‌గార్ట్‌లో ఒక వెనకింట్లో బాష్ సొంత పనిశాల తెరిచారు. తండ్రి వాటా కింద వచ్చిన 10,000 మార్కులే మూలధనం. సిబ్బంది ఇద్దరు: ఒక పనివాడు, కబుర్లు మోయడానికి ఒక కుర్రవాడు. టెలిఫోన్లు బిగించడం, కాలింగ్ బెల్లులు పెట్టడం, పాడైన పరికరాలు బాగుచేయడం, ఏ పని వస్తే అది చేశారు. కొన్నాళ్ళకు సైకిలు కొని, దానిమీదే ఊరంతా తిరిగి పని ఎలా జరుగుతోందో చూసుకునేవారు.

మొదటి పదేళ్ళు నడక కష్టంగానే సాగింది. ఒక ఏడు పని ఉంటే మరో ఏడు ఉండేది కాదు. 1890ల మొదట్లో వ్యాపారం దెబ్బతిని, పనివాళ్ళలో చాలామందిని పంపేయవలసి వచ్చింది. బంధువుల సాయం, అప్పులు కలిసి పనిశాలను నిలబెట్టాయి. అంత కష్టంలోనూ ఆయన ఒక పట్టు విడవలేదు. సరిగా లేని వస్తువు తన పనిశాల గుమ్మం దాటకూడదు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు, నమ్మకం పోతే రాదు అన్నది ఆయన లెక్క.

నిప్పురవ్వ సమస్య

పెట్రోలు ఇంజిన్ నడవాలంటే సిలిండర్‌లోని పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం సరైన క్షణంలో అంటుకోవాలి. ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి అదే. కొందరు ఎర్రగా కాల్చిన గొట్టంతో అంటించేవారు, కొందరు బ్యాటరీ పెట్టేవారు. గొట్టం ప్రమాదం, బ్యాటరీ త్వరగా అయిపోయేది.

1887లో ఒక చిన్న ఇంజిన్ల తయారీదారు బాష్ దగ్గరికి వచ్చి, మాగ్నెటో చేసిపెట్టమని అడిగారు. మాగ్నెటో అంటే అయస్కాంతాల మధ్య తీగచుట్టను కదిలించి కరెంటు పుట్టించే పరికరం. బ్యాటరీతో పని లేదు. డాయిట్జ్ కంపెనీ ఇంజిన్లకు అటువంటిది అప్పటికే ఉంది. బాష్ వెళ్ళి దాన్ని చూశారు. దానిమీద పేటెంటు లేదని నిర్ధారించుకున్నాకే తయారీ మొదలుపెట్టారు. చూసినదాన్ని ఉన్నదున్నట్టు చేయక, బలహీనంగా ఉన్న భాగాలను మార్చి మెరుగు చేశారు. ఒకచోట నిలిపి నడిపే ఇంజిన్లకు అది బాగా సరిపోయింది.

అసలు పరీక్ష 1897లో వచ్చింది. ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి, ఫ్రాన్స్‌లో తయారైన డి డియోన్ బూటన్ మూడు చక్రాల బండికి మాగ్నెటో బిగించమని అడిగారు. పాత ఇంజిన్లు మెల్లగా తిరిగేవి. ఈ బండి ఇంజిన్ నిమిషానికి దాదాపు 1,800 చుట్లు తిరిగేది. పాత మాగ్నెటో ఆ వేగం అందుకోలేకపోయింది. తప్పు ఎక్కడుంది? అయస్కాంతంలో లేదు, తీగలో లేదు. కదులుతున్న తీగచుట్ట బరువులో ఉంది. బరువైన వస్తువు అంత వేగంగా అటూ ఇటూ ఊగలేదు. బాష్ పనిశాలలోని ఆర్నాల్డ్ జేరింగర్ దీనికి మార్గం కనిపెట్టారు. బరువైన చుట్టను కదలకుండా బిగించి, దాని చుట్టూ ఒక తేలికైన తొడుగును మాత్రం ఊగనిచ్చారు. మాగ్నెటో పనిచేసింది.

1902లో ఇంకో ముందడుగు పడింది. బాష్ దగ్గరే కుర్రతనంలో పని నేర్చుకుని, తర్వాత ఇంజనీరైన గోట్లోబ్ హోనోల్డ్ ఎక్కువ వోల్టేజీ మాగ్నెటోను, దానికి తగ్గ స్పార్క్ ప్లగ్గును తయారుచేశారు. కారు ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినా నిప్పురవ్వ తప్పకుండా పడేది. 1903లో ఐర్లండ్‌లో జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెంలో బాష్ మాగ్నెటో ఉన్న మెర్సిడెస్ గెలిచింది. 1906 నాటికి బాష్ పనిశాలలో లక్షవ మాగ్నెటో తయారైంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ రెండు పెద్ద పనుల్లోనూ బుర్ర జేరింగర్‌ది, హోనోల్డ్‌ది. అటువంటివారిని గుర్తించి, చోటిచ్చి, తొందరపెట్టకుండా పనిచేయనివ్వడం బాష్ నేర్పు.

పనివాళ్ళు, పని గంటలు, ఒక పేపర్ క్లిప్పు

1906లో బాష్ తన ఫ్యాక్టరీలో రోజుకు ఎనిమిది గంటల పని పెట్టారు. అప్పట్లో జర్మనీలో పది గంటలు పని చేయించడం మామూలు. 1910 నుంచి శనివారం మధ్యాహ్నం సెలవు. పని గదుల్లో వెలుతురు, గాలి బాగా ఉండేలా కట్టించారు. జీతాలు కూడా మెరుగ్గా ఉండేవి. తోటి యజమానులకు ఇది నచ్చక ఆయనకు ఎర్ర బాష్ అని పేరు పెట్టారు. ఇదంతా దయతో మాత్రమే చేసిన పని కాదు. అలిసిపోయిన చెయ్యి సున్నితమైన పనిని పాడుచేస్తుందని ఆయనకు తెలుసు. ఎనిమిది గంటలైతే రెండు షిఫ్టులు నడపవచ్చనీ తెలుసు.

1913లో ఆయన అప్రెంటిస్‌ల కోసం ప్రత్యేకంగా ఒక పనిశాల పెట్టి, నేర్పడానికి మనుషులను నియమించారు. ఉల్మ్‌లో తనకు జరిగింది తన దగ్గర ఏ కుర్రవాడికీ జరగకూడదన్నది ఆయన ఉద్దేశం. అదే ఏడాది ఆయన ఫ్యాక్టరీలో పెద్ద సమ్మె కూడా జరిగింది. తాను ఇంత చేసినా సమ్మె ఏమిటని నొచ్చుకున్నారు. పనివాళ్ళ పక్షాన ఉంటారని పేరున్న మనిషి యజమానుల సంఘంలో చేరిపోయారు. మంచి యజమానికీ పనివాళ్ళకూ మధ్య కూడా అన్నీ సాఫీగా జరగవని ఈ సంఘటన చెబుతుంది.

ఆయన పొదుపు గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆఫీసులో నేలమీద పడిన పేపర్ క్లిప్పు తీసి, ఇదేమిటని ఒక ఉద్యోగిని అడిగారట. క్లిప్పు అని అతను జవాబిస్తే, కాదు, అది నా డబ్బు అని సరిదిద్దారట. లైటు అనవసరంగా వెలుగుతుంటే ఆర్పేవారు. అదే మనిషి దానాలకు లక్షల మార్కులు ఇచ్చారు.

యుద్ధం పెట్టిన పరీక్ష

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటికి బాష్ అమ్మకాల్లో ఎక్కువ భాగం విదేశాల్లోనే. యుద్ధం రాగానే ఆ దేశాలు శత్రుదేశాలయ్యాయి. అమెరికాలోని ఆయన కంపెనీని అక్కడి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఇంట్లో మాత్రం సైన్యానికి సరుకు అమ్మడంవల్ల లాభాలు వచ్చిపడ్డాయి. మనుషులు చచ్చిపోతుంటే వచ్చే ఆ డబ్బు ఆయనకు రుచించలేదు. ఫ్యాక్టరీ భవనాల్లో కొంత భాగాన్ని గాయపడినవారికి ఆసుపత్రిగా ఇచ్చారు. యుద్ధంలో వచ్చిన లాభాల్లోంచి కోటికి పైగా మార్కులు ప్రజల పనులకు దానం చేశారు.

ఇంట్లో కూడా కష్టం వచ్చింది. తన తర్వాత కంపెనీ చూసుకుంటాడనుకున్న కొడుకు రాబర్ట్ దీర్ఘకాలపు నరాల జబ్బుతో 1921లో ముప్పై ఏళ్ళకే చనిపోయాడు. బాష్‌కు అప్పుడు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. చాలామంది ఆ వయసులో పని మానుకుంటారు. ఆయన చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఆ తర్వాతే మొదలైంది.

తన సరుకు అక్కరలేని ఇంజిన్ కోసం

డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ అక్కరలేదు. అందులో పిస్టన్ గాలిని గట్టిగా నొక్కుతుంది. నొక్కిన గాలి కాగిపోతుంది. ఆ వేడి గాలిలోకి ఇంధనం చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. కాబట్టి మాగ్నెటో వద్దు, స్పార్క్ ప్లగ్గు వద్దు. అంటే, డీజిల్ ఇంజిన్ గెలిస్తే బాష్ వ్యాపారానికే ముప్పు.

అయితే డీజిల్ ఇంజిన్‌కు ఒక చిక్కు ఉంది. రుడాల్ఫ్ డీజిల్ చేసిన పద్ధతిలో ఇంధనాన్ని బాగా నొక్కిన గాలితో చిమ్మేవారు. దానికోసం ఇంజిన్ పక్కన పెద్ద కంప్రెసర్ ఉండాలి. ఓడలోనో ఫ్యాక్టరీలోనో అది పెట్టవచ్చు, లారీలో ఎలా పెడతారు? గాలి సాయం లేకుండా ఇంధనాన్నే నేరుగా నొక్కి చిమ్మాలని ప్రాస్పర్ లోరాంజ్ వంటి ఇంజనీర్లు ప్రయత్నించారు. దారి అదేనని తేలింది. కానీ ఒకటి పనిచేస్తే ఒకటి చేయని పంపులతో లారీలు నడవవు. వేల సంఖ్యలో, అన్నీ ఒకేలా పనిచేసే పంపులు కావాలి.

1922లో బాష్ ఈ పని తలకెత్తుకోవాలని నిర్ణయించారు. వచ్చే మార్పును ఆపలేమని, ఆ మార్పుకు కావలసిన వస్తువు మనమే చేయడం మేలని ఆయన ఆలోచన. ఐదేళ్ళు ప్రయోగాలు జరిగాయి. 1927లో ఇంజెక్షన్ పంపులు పెద్ద ఎత్తున తయారవడం మొదలైంది.

ఆ పంపు ఎంత కష్టమైన పని చేస్తుందో చూడండి. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌లోకి నిమిషానికి 1,000 సార్లు ఇంధనం చిమ్మాలి. ఒక్కోసారి చిమ్మేది చిన్న బొట్టంత కూడా ఉండదు. అన్ని సిలిండర్లకూ సమానంగా అందాలి. సరైన క్షణంలో మొదలై, టక్కున ఆగాలి. గాలి పీడనానికి వంద రెట్లకు పైగా ఒత్తిడి కావాలి.

పంపు లోపల ప్రతి సిలిండర్‌కూ ఒక ప్లంజర్ ఉంటుంది. అది సన్నని ఉక్కు కడ్డీ. ఒక ఉక్కు గొట్టంలో పైకీ కిందికీ కదులుతుంది. రెండింటి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులతో కొలిచేంత. రబ్బరు వాషరు ఏదీ ఉండదు. ఆ సన్నని అమరికే ఇంధనం కారకుండా ఆపుతుంది. ప్లంజర్ ఒంటిమీద వాలుగా ఒక గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడి పక్కనున్న రంధ్రానికి ఎదురుగా రాగానే ఒత్తిడి వెనక్కి వదిలిపోయి చిమ్మడం ఆగిపోతుంది. ప్లంజర్‌ను కొద్దిగా తిప్పితే గాడి ముందుగానో ఆలస్యంగానో రంధ్రం దగ్గరికి వస్తుంది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు జరిగేది ఈ చిన్న తిప్పుడే. ఇంధనాన్ని కొలిచే పని అంతా ఒక వాలు గాడి చేస్తుంది.

చీకటి రోజులు

1933లో హిట్లర్ జర్మనీలో అధికారంలోకి వచ్చాడు. బాష్ ప్రజాస్వామ్యాన్ని కోరినవారు. ఫ్రాన్స్‌తో స్నేహం ఉండాలని కృషి చేసినవారు. ఆ ప్రభుత్వం ఆయనకు నచ్చలేదు. ఆయనా, ఆయన తర్వాత కంపెనీ నడిపిన హాన్స్ వాల్జ్, మరికొందరూ కలిసి యూదులకు రహస్యంగా డబ్బు సాయం చేశారు, పని ఇచ్చారు, దేశం దాటడానికి తోడ్పడ్డారు. హిట్లర్‌ను ఎదిరించిన కార్ల్ గోర్డెలర్‌కు 1937లో కంపెనీలో సలహాదారు ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగం చాటునే గోర్డెలర్ దేశదేశాలు తిరిగారు. చివరికి దొరికిపోయి 1945లో ఉరికంబం ఎక్కారు.

ఇదే కథకు రెండో వైపు కూడా ఉంది. బాష్ ఫ్యాక్టరీలు అదే ప్రభుత్వపు యుద్ధానికి సరుకు తయారుచేశాయి. జర్మన్ యుద్ధవిమానాల డైమ్లర్ బెంజ్ ఇంజిన్లలో పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే బాష్ పంపులుండేవి. విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి దించినా ఆ ఇంజిన్ ఆగేది కాదు. కార్బురేటర్ ఉన్న బ్రిటిష్ విమానాల ఇంజిన్లు ఆ క్షణంలో తడబడేవి. యుద్ధకాలంలో బాష్ ఫ్యాక్టరీల్లో బలవంతంగా తెచ్చిన వేలమంది విదేశీయులు, ఖైదీలు పనిచేశారు. ఎనిమిది గంటల పని పెట్టిన మనిషి పేరుతో ఉన్న ఫ్యాక్టరీలో ఇది జరిగింది. ఆయన మంచి పనులు చెప్పినప్పుడు దీన్నీ చెప్పాలి. మనిషి మంచివాడైనా, అతను చేసిన వస్తువు ఎవరి చేతికి చిక్కుతుందో అతని చేతిలో ఉండదు.

1940లో ఆయన తన డబ్బుతో కట్టించిన ఆసుపత్రి స్టుట్‌గార్ట్‌లో తెరిచారు. 1942 మార్చి 12న, చెవిలో వచ్చిన ఇన్ఫెక్షన్ ముదిరి బాష్ కన్నుమూశారు. వయసు ఎనభై. ఆయన ఇష్టపడని ప్రభుత్వమే ఆయనకు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. కంపెనీ లాభాలు ప్రజల మేలుకు వాడాలని ఆయన వీలునామాలో కోరారు. ఆ ప్రకారం 1964 నుంచి కంపెనీ వాటాల్లో అత్యధిక భాగం ఒక ధర్మసంస్థ చేతిలో ఉంది.

ఆయన పోయాక వచ్చిన కారు

1954లో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ 300ఎస్ఎల్ అనే స్పోర్ట్స్ కారు విడుదల చేసింది. తలుపులు పక్షి రెక్కల్లా పైకి తెరుచుకునే ఆ కారును ఫొటోల్లో చూసే ఉంటారు. దాని ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు కార్బురేటర్ లేదు. డీజిల్ ఇంజిన్ల పంపును పోలిన, ఆరు ప్లంజర్ల బాష్ పంపు పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మేది. ఇప్పుడు ఆ కారు పాతకాలపు కార్ల ప్రియులకు బంగారం. కానీ దాన్ని బాగుచేయడం తెలిసిన మెకానిక్కులు తక్కువ. అందులో కంప్యూటరు లేదు. ఏం తప్పిందో చెప్పే ఎర్ర లైటు లేదు. చెవి, ముక్కు, కన్ను, బుర్ర వాడాలి.

ఆ కారుకు ఒక చిత్రమైన గుణం ఉంది. తాళం తిప్పి ఇంజిన్ ఆపినా, చక్రం పూర్తిగా ఆగేవరకు పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. కాలని ఆ పెట్రోలు సిలిండర్ గోడలమీది నూనెను కడిగేసి, కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పల్చబరుస్తుంది. కారును కొద్ది దూరాలకే వాడి మాటిమాటికీ ఆపితే ఇంజిన్ త్వరగా అరుగుతుంది. అరుగుదల చూసి పిస్టన్ మీద నేరం మోపేవాడు మోసపోతాడు. నూనె వాసన చూసి అందులో పెట్రోలు ఉందని పట్టుకునేవాడే అసలు తప్పు కనుక్కుంటాడు.

మన లారీ మెకానిక్కుల పద్ధతి కూడా ఇదే. ఇంజిన్ స్టార్ట్ కాకపోతే పంపు విప్పరు. ట్యాంకులో నూనె ఉందా, మూత గాలిరంధ్రం పూడిందా, ఫిల్టరు మూసుకుపోయిందా అని మొదట చూస్తారు. గొట్టాల్లో గాలి చేరిందేమోనని స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా చేతిపంపు కొడతారు. దీన్నే గాలి తీయడం అంటారు. ఇంజిన్ నడుస్తూ తడబడుతుంటే ఒక్కో సిలిండర్ గొట్టం నట్టు ఒక్కోసారి వదులు చేస్తారు. చప్పుడు మారితే ఆ సిలిండర్ బాగానే ఉన్నట్టు. మారకపోతే నేరస్థుడు దొరికినట్టు. అప్పుడు అక్కడి నాజిల్ తీసి పక్క సిలిండర్‌కు పెడతారు. తప్పు నాజిల్‌తోపాటు వెళ్ళిందా, నాజిల్‌ది తప్పు. అక్కడే ఉండిపోయిందా, పంపులోనో సిలిండర్‌లోనో ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఇంజిన్ బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

పొగ కూడా మాట్లాడుతుంది. నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువైందనో, గాలి చాలలేదనో, నాజిల్ మంచులా చిమ్మక ధారగా పోస్తోందనో అర్థం. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. చలిలో తెల్లపొగ వస్తే ఇంధనం కాలకుండా బయటికి వస్తోంది. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. నాజిల్ ధార కంటికి సన్నగా కనిపించినా చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోగలదు. అటువంటి గాయానికి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది పెద్దవాళ్ళ పని, మనం దూరం నుంచి చూసి నేర్చుకోవలసిన పని.

కలకత్తా నుంచి బెంగుళూరుకు

1922లో, స్టుట్‌గార్ట్‌లో ఇంజెక్షన్ పంపు ప్రయత్నాలు మొదలైన ఏడాదే, ఇల్లిస్ అండ్ కంపెనీ ద్వారా కలకత్తాలో బాష్ సరుకు అమ్మకం మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక, 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. దాని పొట్టి పేరే మైకో. స్పార్క్ ప్లగ్గులూ ఇంజెక్షన్ పంపులూ మన దేశంలోనే తయారవడం మొదలైంది. 2008లో కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. అయినా పాత మెకానిక్కుల నోట మైకో అనే పేరు ఇంకా పోలేదు.

ఇప్పుడు కొత్త బళ్ళలో ఇంధనాన్ని కంప్యూటరు కొలుస్తోంది. రైళ్ళు చాలావరకు కరెంటుతో నడుస్తున్నాయి. బాష్ కాలం నాటి పంపు మెల్లగా మ్యూజియంలోకి వెళ్తోంది. మాగ్నెటో కూడా అలాగే వెళ్ళింది. మాగ్నెటో పోతుందని తెలిసీ, దాన్ని పోగొట్టే ఇంజిన్‌కే పంపు చేసిపెట్టిన మనిషికి ఇది వింతగా తోచేది కాదేమో.

మనం ఈ బడిలో ఎంతకాలం ఉంటామో మనకు తెలియదు. వచ్చే ఏప్రిల్‌లో ఎవరి టీసీ ఏ ఊరికి వెళ్తుందో తెలియదు. బాష్ ఒక సత్రంలో పుట్టి, ఏడేళ్ళు ఊళ్ళు తిరిగి, ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒకటి నేర్చుకుని, దాన్ని ఇంకో ఊరికి మోసుకెళ్ళారు. చెడ్డ గురువు దగ్గర పడిన బాధను మంచి శిక్షణశాలగా మార్చారు. ఆయన చేసినవాటిలో గొప్పవీ ఉన్నాయి, ఆయన పేరుమీద జరిగిన తప్పులూ ఉన్నాయి. రెండూ తెలుసుకున్నాకే ఆయన మనకు పూర్తిగా తెలిసినట్టు. రేపు ఉదయం డ్యూటీ దిగి వచ్చిన నాన్ననో అమ్మనో, రాత్రి ఏ తప్పు దొరికింది, ఎలా దొరికింది అని అడిగి చూడండి. బాష్ జీవితంలాంటి పాఠం ఇంట్లోనే వినిపించవచ్చు.